మా పెరటి గదుల కుర్రాళ్లు

భీమవరంలో జూన్ నెల వచ్చిందంటే రెండు పనులు ఒక్కసారే మొదలయ్యేవి. వేసవంతా కట్టేసిన కాలవలకి నీళ్లు వదిలేవారు, చుట్టుపక్కల ఊళ్లలో ఆకుమళ్లు పోసుకునేవారు. అదే రోజుల్లో పదో తరగతి గట్టెక్కిన కొడుకుల్ని వెంటేసుకుని ఆ రైతులే టౌన్లో గదులు వెతుక్కుంటూ తిరిగేవారు. అందుకేనేమో, గది కోసం మా ఇంటికొచ్చిన ఏ తండ్రీ తీరిగ్గా కూర్చున్నట్టు నాకు గుర్తులేదు. అరుగు చివర ఒరిగి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ, "దమ్ములు ముంచుకొస్తున్నాయండి, ఇవాళ తేల్చేసుకుని పోవాలి" అనేవాడు. పక్కన కుర్రాడు కొత్త చొక్కాలో, తనకేం సంబంధం లేనట్టు, మా బాదం చెట్టు వంక చూస్తూ నిలబడేవాడు.

మాది గునుపూడిలో, సోమేశ్వరస్వామి గుడికి వెళ్లే దారిలో పెంకుటిల్లు. పెరట్లో వరసగా నాలుగు గదులు. నాపరాళ్ల గచ్చు, చెక్కరెక్కల కిటికీలు, అందరికీ కలిపి ఒక బోరింగు పంపు. గదికి ఇద్దరు, బతిమాలితే ముగ్గురు. డెబ్బైల్లో గది అద్దె ముప్ఫయ్యో, ముప్ఫై అయిదో. కాలేజీ 1945లో పెట్టింది. డి.ఎన్.ఆర్. కాలేజీ అని మేం అనేవాళ్లం గానీ మా తాత చివరిదాకా పాత పేరుతో డబ్ల్యూ.జి.బి. కాలేజీ అనే అన్నాడు. 1969లో పీయూసీ పోయి రెండేళ్ల ఇంటర్మీడియట్ వచ్చాక గదులకి గిరాకీ పెరిగింది. ఏడాదిలో వెళ్లిపోయే కుర్రాడు రెండేళ్లుండేవాడు, డిగ్రీ కూడా ఇక్కడే అంటే అయిదేళ్లు. అయిదేళ్లంటే మీసాలు మా ఇంట్లోనే వచ్చేవన్న మాట.

గది బేరం మా నాన్నది కాదు, అమ్మది. అద్దె సంగతి ఆఖర్న వచ్చేది. మొదట, "ఏ ఊరండీ?" తరవాత, "ఇంటిపేరు?" ఆ రెండో ప్రశ్న ఎందుకో అడిగేవాళ్లకీ తెలుసు, చెప్పేవాళ్లకీ తెలుసు. ఇంటిపేరు వినగానే కులం తేలిపోయేది, కులం తేలితే గది ఉందో లేదో తేలిపోయేది. మా వీధిలో ఏ పెరటి గదిలోనూ మాలపల్లి కుర్రాడు ఉండగా నేను చూడలేదు. వాళ్లకి సాంఘిక సంక్షేమ హాస్టల్ ఉండేది. లావుబియ్యం అన్నం, నీళ్ల సాంబారు, ఒక హాల్లో నలభై చాపలు. అక్కడినుంచి వచ్చి మా కుర్రాళ్ల పక్క బెంచీలో కూర్చుని వీళ్లకన్నా ఎక్కువ మార్కులు తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు. ఆ రోజుల ఆప్యాయతల గురించి నేను చెప్పబోయేదంతా, ఆ ఇంటిపేరు పరీక్షలో నెగ్గిన వాళ్లకి దక్కిన ఆప్యాయతే.

బేరం కుదిరిన మర్నాడు సామాను దిగేది. ఊరి నుంచి రోడ్డు దాకా ఎడ్లబండి, అక్కణ్ణించి బస్సు టాపు, బస్టాండు నుంచి రిక్షా. రిక్షా ఆగగానే నేనూ మా తమ్ముడూ గోడెక్కి చూసేవాళ్లం. ముందు ఆకుపచ్చ రంగేసిన ట్రంకుపెట్టె దిగేది, మూత మీద తెల్లరంగుతో కుర్రాడి పేరు, ఊరు, పెట్టె నిండా పట్టేంత అక్షరాల్లో. తరవాత పరుపుచుట్ట, మడతమంచం, వత్తుల స్టవ్, కిరసనాయిలు డబ్బా, లాంతరు. సగం బస్తా బియ్యం, ఊరి మిల్లులో ఆడించినవి. 1982లో మా జిల్లా మార్టేరు పరిశోధనా కేంద్రం నుంచి స్వర్ణ వచ్చాక అందరి బస్తాల్లోనూ అవే బియ్యం. అంతకుముందు ఎవరి బస్తా వాసన వాళ్లదే. చివరికి, తండ్రి ఇంకెవరి చేతికీ ఇవ్వకుండా ఒళ్లో పెట్టుకుని తెచ్చేది ఒకటుండేది: కొత్తావకాయ జాడీ. మూతికి పాత పంచె గుడ్డ, దానిమీద పురికొసతో ముడి. ఆ ముడి వాళ్లమ్మ వేసింది. కుర్రాడు నెలరోజుల్లో ఆ గుడ్డ పోగొట్టి మూత మీద నోట్‌బుక్కు అట్ట పెట్టేవాడనుకోండి, అది వేరే సంగతి.

తల్లులు రావడం అరుదు. పాడి, పొయ్యి, ముసలివాళ్లు వదిలి రావడానికి ఉండేది కాదు. అయినా సామాను విప్పుతుంటే ప్రతి మూటలోనూ ఆవిడ కనిపించేది. హార్లిక్స్ సీసాలో నెయ్యి, బోర్నవిటా డబ్బాలో కందిపొడి, సున్నుండలు, నిక్కరు జేబులో కుట్టిన రూపాయి నోటు, గుడ్డపీలికలో చుట్టిన వాముపొడి. ఇంటివాళ్లకని ఒక చక్కరకేళి గెల విడిగా.

భీమవరం దోమల పేరు వినని వాళ్లుండరు. ఆ ఊళ్లో చదువంటే ముందు దోమతెర. ఇది మాత్రం తండ్రి తన చేత్తో కట్టాల్సిందే. నాకు బాగా గుర్తున్న ఒకాయనుండేవాడు, కాళ్ల అనే ఊరి వైపువాడు. గోడకి మేకులు కొడతానంటే అమ్మ సున్నం ఊడుతుందని ఒప్పుకోలేదు. ఆయన ఏం మాట్లాడకుండా బజారుకెళ్లి నాలుగు వెదురుకర్రలు తెచ్చి మంచం కోళ్లకి కట్టాడు. తెర వేశాక తను లోపల దూరి పడుకున్నాడు. పడుకుని కిటికీ వెలుతురుకి ఎదురుగా తెరని అంగుళం అంగుళం చూశాడు. చిల్లు కనిపించిన చోటల్లా వేలు పెట్టి, బయటున్న కొడుకుని "ఇక్కడ ముడెయ్యరా" అనేవాడు. తరవాత లేచి, తెర అంచు పరుపు కింద ఎలా దోపాలో చూపించాడు. తల వైపు మొదలెట్టాలి, కాళ్ల వైపు ముగించాలి, దూరాక లోపలినుంచి మళ్లీ ఒకసారి. దమ్ము బురదలో పగిలిన చేతులు, గోళ్ల చుట్టూ మట్టి చార. గుమ్మంలో పక్క గది సీనియర్లు నవ్వుతున్నారు. కుర్రాడికి చచ్చేంత సిగ్గు. "నాకు తెల్సులే నాన్నా" అంటాడు. ఆయన వినడే!

తరవాత అప్పగింత. దీనికి మాటలు దాదాపు ఒకటే ఉండేవి, ఏ ఊరివాడైనా. అమ్మ గుమ్మంలో, తండ్రి మెట్టు కింద. "మీ పిల్లల్లో ఒకడనుకోండి అమ్మా. చెప్పిన మాట వినకపోతే రెండు తగిలించండి, నేనేం అనుకోను." అమ్మ, "అలాగేలెండి అన్నయ్యగారూ, మా కళ్లముందే ఉంటాడు కదా" అనేది. ఇది మర్యాదకన్న మాట కాదు. అమ్మ నిజంగానే తిట్టేది, మా నాన్న ఒకరిద్దర్ని చెవి పట్టుకుని సినిమాహాలు నుంచి లాక్కొచ్చాడు కూడా. మీటర్ ఒకటే కాబట్టి గదికి నలభై కేండిల్స్ బల్బు ఒకటి, పరీక్షలప్పుడు తప్ప పదింటికి మెయిన్ కట్టేసేది. ఎనిమిదింటి తరవాత గేటు తీయాలంటే కారణం చెప్పాలి. జ్వరమొస్తే మిరియాల చారన్నం వెళ్లేది, ఎవరో తెలిసినాయన చేతిలో ఊరికి కబురూ వెళ్లేది. ఫోను ఎవరింట్లో ఉందని!

తండ్రి తిరుగు బస్సెక్కే ముందు ఇంకో అప్పగింత, కిరాణా కొట్టులో. వీధి చివర కొట్టులో కొడుకు పేరు మీద పద్దు తెరిచేవాడు. పంచదార, టీపొడి, సబ్బు, అగ్గిపెట్టెలు, కావలసినవి పట్టుకెళ్తాడు, కోతలయ్యాక వచ్చి కడతాను అని. ఒకసారి సంక్రాంతి ముందు, ఉండి అనే ఊరి వైపు రైతు ఒకాయన పద్దు చూసుకుని మా ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "చెల్లెమ్మా, మా వాడు నెలకి పదేసి సబ్బులు వాడుతున్నాడమ్మా. ఇంటికొచ్చినప్పుడు చూస్తే ఏమంత తెల్లగా లేడు." అమ్మ నవ్వాపుకుంటూ లోపలికెళ్లిపోయింది. కొట్టాయన మంచివాడు. సిగరెట్లని సిగరెట్లని రాయలేక సబ్బులని రాసేవాడు. ఆ కుర్రాడికి మా గదుల్లో సబ్బులోడు అని పేరు నిలిచిపోయింది.

పిల్లవాణ్ణి చదువుకి పరాయి ఊళ్లో ఉంచడమంటే ఎవరో ఒక మనిషి చేతిలో పెట్టడమేనని, మాకన్నా ముందు తరాలకీ అంతే తెలుసు. మా తాత నర్సాపురం టేలర్ హైస్కూల్లో వారాలు చేసుకుని చదివాడు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో, అలా రోజుకో ఇంటి అన్నం. ఏడో ఇల్లు దొరక్క శనివారాలు అటుకులతో గడిపానని చెప్పేవాడు. ఏ ఇంట్లో గరిటె గట్టిగా మోగించి వడ్డిస్తారో ఆయనకి ముసలితనంలో కూడా గుర్తే. టంగుటూరి ప్రకాశం పంతులుగారి తల్లి ఒంగోల్లో పూటకూళ్లిల్లు నడిపి పిల్లల్ని సాకింది. ఆయనేమో ఇమ్మానేని హనుమంతరావు నాయుడనే ఉపాధ్యాయుడి వెంట రాజమండ్రి చేరి చదువుకున్నాడు. అటు నిజాం రాజ్యంలో పల్లెటూరి రెడ్డి కుర్రాళ్లకి హైదరాబాద్‌లో తలదాచుకునే చోటు లేదని 1918లో రెడ్డి హాస్టల్ పెట్టారు. కొత్వాలు వెంకటరామారెడ్డిగారి పూనిక అది. తరవాత సురవరం ప్రతాపరెడ్డిగారు ఆ పిల్లల మంచిచెడ్డలు చూశారు. హాస్టలంటే భవనమే గానీ, ఆ పేరు చెప్పగానే ఆ పాతవాళ్లకి గుర్తొచ్చేది గదులు కాదు, ఆ మనుషులు.

ఇప్పుడు కేరేజీల దగ్గరికి రావాలి.

గది తీసుకున్న వాళ్లంతా వండుకునేవాళ్లు కాదు. ఏడెనిమిది మైళ్ల లోపు ఊళ్లయితే ఇంటినుంచి కేరేజీ వచ్చేది. ఆ ఊళ్లల్లో తల్లులు చీకటితో లేచి పొయ్యి రాజేసేవారు. ఏడున్నర బస్సుకి కేరేజీ అందాలి. బస్సు ఊళ్లో ఆగితే ఎక్కే జనం కన్నా ముందు కేరేజీలు ఎక్కేవి. ఇంజను డ్రైవరు పక్కనే, ముందరే ఉండేది కదా, ఆ బానెట్ మీద వరసగా పేర్చేవారు. ఆ వేడికి అన్నం భీమవరం చేరేసరికి కూడా వెచ్చగానే ఉండేదట. గోతిలో చక్రం పడితే పులుసు పొంగి డ్రైవరు ప్యాంటు మీద పడేది. ఆయన ఊరు ఊరంతటినీ కలిపి తిట్టేవాడు. మర్నాడు మామూలే. సంక్రాంతికి ఆ డ్రైవరుకీ కండక్టరుకీ ప్రతి ఊళ్లోనూ ఒక కోడి, కుంచెడు బియ్యం ముట్టేవి. సర్కారు బస్సులో మనిషి లేకుండా అన్నం ప్రయాణం చేయడమన్నది ఏ రూల్సు పుస్తకంలో ఉండి ఉంటుంది చెప్పండి?

బస్టాండులో కేరేజీల తాత కాసుకుని ఉండేవాడు. సైకిలుకి రెండువైపులా కర్రచట్రాలు, వాటికి ఇనప కొక్కేలు. ఒక్కో కొక్కేనికి రెండు మూడు కేరేజీలు. ఆయనకి చదువు రాదు. ఒక కేరేజీ పిడికి ఎర్రదారం, ఒకదానికి నీలం గుడ్డపీలిక, ఒకదానికి సొట్ట. ఆ గుర్తులతోనే ఊరంతా తిరిగి ఎవరిది వాళ్ల గది గుమ్మంలో పెట్టేవాడు. మధ్యాహ్నం మూడింటికి మళ్లీ ఖాళీవి ఏరుకుని సాయంత్రం బస్సుకి. మనిషికి నెలకింత అని తల్లిదండ్రులే ఇచ్చేవారు.

నేను ఆ కేరేజీలు చదివేదాన్ని. నిజంగానే చదివేదాన్ని. గిన్నెల మీద చుక్కలు చుక్కలుగా పేర్లు చెక్కించే అలవాటు మనవాళ్లకి ఉంది కదా. ఒక కేరేజీ మీద నాలుగు గిన్నెలకీ నాలుగు పేర్లుండేవి. అడుగుగిన్నె మీద కుర్రాడి అమ్మమ్మ పేరు, దానిపైన ఎవరో మేనత్త చదివింపు, తారీఖుతో సహా, పైన రెండూ వాళ్లమ్మవి. పోయిన గిన్నె స్థానంలో ఇంకోటి పెట్టుకుంటూ వచ్చారన్న మాట. పై గిన్నె మూత కింద ఒక్కోసారి పాలిథిన్ కాగితంలో మడత పెట్టిన చీటీ ఉండేది. రాయడం వచ్చిన తల్లులు తక్కువ, ఇంట్లో చిన్నవాళ్లెవరో రాసేవారు. "గేదె ఈనింది, పెయ్య. జున్ను రేపు పంపుతాను. తలంటుకో." ఖాళీ కేరేజీలో కుర్రాడి జవాబు వెళ్లేది. జవాబులన్నీ డబ్బుల గురించే.

ఒకసారి ఎర్రదారం తెగిపోయింది. రెండో గదిలో పప్పూ పచ్చడీ తప్ప ముట్టని ఇంటి కుర్రాడు ఉండేవాడు, నాలుగో గదిలో కొల్లేటి వైపు కుర్రాడు. కేరేజీలు మారిపోయాయి. నాలుగో గదివాడు గిన్నె విప్పి, "ఇదేంట్రా బాబూ, ముద్దపప్పు! మా అమ్మకేవైంది!" అని పెరడంతా ఎగిరాడు. రెండో గది తలుపు వేసే ఉంది. అమ్మ వెళ్లి అడిగితే, "మాదేం మారలేదు పిన్నిగారూ, మా కేరేజీయే" అన్నాడు లోపల్నించి. గిన్నెలు కడిగి బోర్లించేదాకా బయటికి రాలేదు. కొరమీను ముళ్లు మాత్రం మా మందారచెట్టు మొదట్లో దొరికాయి. అమ్మ వాళ్లింట్లో ఎవరికీ చెప్పలేదు. నెలకో రెణ్ణెల్లకో ఆ దారం మళ్లీ తెగుతూనే ఉండేది!

1986 ఆగస్టులో గోదావరి వరద. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటి పారింది, గట్లు తెగాయి. ఆచంట, యలమంచిలి వైపు కుర్రాళ్లు గదుల్లో ఉండిపోయారు, ఊళ్లు నీళ్లలో ఉన్నాయని తప్ప ఏ కబురూ లేదు. బస్సులు లేవు, కేరేజీలు లేవు, బజార్లో కిరసనాయిలు లేదు. అమ్మ పెళ్లిళ్ల గుండిగ అటక మీంచి దింపించి వసారాలో అందరికీ కలిపి వండింది. ఎవరి బస్తాలో బియ్యం ఎవరివో చూడకుండా ఒంపేశారు. పొద్దున్నా సాయంత్రం రేడియో ప్రాంతీయ వార్తలప్పుడు పెరడంతా నిశ్శబ్దం. తమ ఊరి పేరు చెప్తాడేమోనని ఒక భయం, చెప్పడేమోనని ఇంకో భయం. ఇళ్లకి వెళ్తామని వీళ్లు బయల్దేరేలోపే ఒక తండ్రి వచ్చేశాడు. పంచె మొలకి ఎగ్గట్టి, నడుము దాకా ఎండిన బురదతో. ఇల్లు పడిపోయిందట, గేదెలు పోయాయట. "వీడు కంగారుపడి ఏట్లోకి వచ్చేస్తాడేమోనని, చూసి పోదామని వచ్చాను" అన్నాడు. అన్నం తిని, కొడుకుని కదలొద్దని చెప్పి మళ్లీ ఆ నీళ్లల్లోకే వెళ్లాడు.

ఇంతమంది మగపిల్లల్ని కంటికి రెప్పలా చూసిన ఊరు ఆడపిల్ల సంగతి వచ్చేసరికి తలుపేసుకునేది. మా వీధిలో ఆడపిల్లలకి గది ఇచ్చిన ఇల్లు లేదు, అడిగిన తండ్రీ లేడు. అమ్మమ్మగారింట్లోనో మేనమామగారింట్లోనో ఉండి చదివితే చదివినట్టు, లేకపోతే పదోతరగతితో సరి. దుర్గాబాయి 1937లోనే మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి ఆడపిల్లలకి చదువూ నీడా చూపించింది, నిజమే. మద్రాసు ఎక్కడ, మా గునుపూడి ఎక్కడ! మా ఇంట్లో పరాయి పిల్లలు పదిమంది ఉండొచ్చు గానీ నేను మాత్రం పరాయి ఊళ్లో ఉండకూడదన్నది మా నాన్న పట్టు. వరద వచ్చిన ఏడే నాకు విశాఖపట్నంలో ఎమ్మెస్సీ సీటొచ్చింది. ఇంట్లో చాలా గొడవలయ్యాక, "నేను దింపొస్తాను" అని అమ్మ పెట్టె సర్దింది.

నిడదవోల్లో బండి మారి, హోల్డాలు మీద కూర్చుని వెళ్లాం. అన్నేళ్లుగా తండ్రులు తనకి అప్పగించడం చూసింది కదా, అమ్మ దారంతా లోపల్లోపల మాటలు కూర్చుకుంటున్నట్టే ఉంది. యూనివర్సిటీ హాస్టల్లో వార్డెన్‌గారు ఫారం తిప్పి, "గార్డియన్ సంతకం ఇక్కడ" అన్నారు. అమ్మ సంతకం పెట్టి, గొంతు సవరించుకుని, "మీ అమ్మాయి అనుకోండి అమ్మా..." అని మొదలెట్టింది. వెనక ఇంకా చాలామంది లైన్లో ఉన్నారు. "అలాగే, నెక్స్ట్" అన్నారావిడ. తప్పేం లేదు, ఆవిడకి కొన్ని వందలమంది అమ్మాయిలు.

అమ్మ గది చూసింది, కిటికీ గడియ లాగి చూసింది, బాత్రూముల్లో నీళ్లొస్తున్నాయో లేదో చూసింది. అయినా వెళ్లదు. ఎవరికో చెప్పాలి. చివరికి మెస్సు వెనక వాకిట్లో కూరలు తరుగుతున్న వంటావిడ పక్కన కూర్చుంది. ఆవిడది పాయకరావుపేట దగ్గరట. పావుగంటలో ఇద్దరూ కత్తిపీటలతో వంకాయలు తరుగుతున్నారు. "మా దానికి వంకాయ పడదు, ఒళ్లు దద్దుర్లు. నోరు తెరిచి చెప్పదు. ఆరోజు రెండు గరిటెలు పెరుగు ఎక్కువెయ్యి అప్పా." అప్పుడు లేచింది, చెయ్యి కడుక్కుని, బస్సుకి టైమైందంటూ. నాకు రెండేళ్లూ వంకాయ రోజున పెరుగు వచ్చేది. నా స్నేహితురాళ్లు కూడా ఆరోజు దద్దుర్లు తెచ్చుకునేవారు.

గదులు ఎందుకు ఖాళీ అయ్యాయంటే ఒక్క కారణం కాదు. బస్సులు ఎక్కువయ్యాయి, లూనాలు, టీవీఎస్‌లు వచ్చాయి. పది మైళ్ల వాడికి గది ఎందుకు, పొద్దున వచ్చి సాయంత్రం పోతాడు. ఊరూరా జూనియర్ కాలేజీలు. ఎంసెట్ పుణ్యమా అని కాస్త చదివే పిల్లలంతా విజయవాడ, గుంటూరు కార్పొరేట్ కాలేజీలకి. అక్కడ చదువూ తిండీ పడకా ఒకే గొళ్లెం వెనక. తండ్రి నెలకోసారి ఆదివారం వెళ్లి గేటు దగ్గర టిఫిన్ బాక్సు ఇచ్చి రావాలి. తొంభైల్లో చుట్టూ వరిచేలు రొయ్యల చెరువులయ్యాయి. ఆ రైతు చేతిలో డబ్బు ఆడింది, ఫీజు కట్టేయగలిగాడు. కేరేజీల తాత సైకిలు గోడకి చేరేసి కొన్నాళ్లు గుడి దగ్గర కొబ్బరికాయలు అమ్మాడు. మా గదులు పడగొట్టి అన్నయ్య అపార్టుమెంటు లేపాడు.

పోయిందేదో అంతా బంగారమని నేననను. మా పెరట్లో ఇంటర్ తప్పినవాళ్లే ఎక్కువ. నలభై కేండిల్స్ బల్బు కింద లెక్కలు చేసి కళ్లజోళ్లు తెచ్చుకున్నవాళ్లున్నారు. పదిమంది కళ్లముందు పెరగడం ఎంత ఉక్కపోతో మా అమ్మాయికి చెబితే అర్థం చేసుకుంది, ఎందుకంటే అది హైదరాబాద్ హాస్టల్లో చేరినప్పుడు రోజుకి అయిదుసార్లు ఫోన్ చేసింది నేనే. దాని హాస్టల్లో వేలిముద్ర వేస్తే తలుపు తీస్తుంది. వేలిముద్ర వేసిన సంగతి నా ఫోనుకి వస్తుంది. మా అమ్మకి అది చూపిస్తే, "అన్నం తిన్నదో లేదో కూడా వస్తుందా?" అంది.

పదేళ్ల కిందట ఒకాయన అమ్మని వెతుక్కుంటూ అపార్టుమెంటుకి వచ్చాడు. బట్టతల, చేతిలో పూతరేకుల పెట్టె. నేను పోల్చలేదు, అమ్మ పోల్చింది. కాళ్ల కుర్రాడు, వాళ్ల నాన్న వెదురుకర్రలు కట్టినవాడు. ఏలూరులో బ్యాంకు ఉద్యోగమట. కూతురు ఎమ్మెస్‌కి డల్లాస్ వెళ్తోందని చెప్పడానికి వచ్చాడు. సూట్‌కేసుకి ఇరవై మూడు కిలోలట, రోజూ తూకం వేస్తున్నారట, ఆవకాయ పెడితే జీన్స్ తీసేయాల్సి వస్తోందట. యూనివర్సిటీ వాళ్లు గది ఇచ్చారు, మంచం ఉంది, స్టవ్ ఉంది, అన్నీ ఫోటోల్లో చూశాడు. అన్నీ చెప్పి కాసేపు ఊరుకుని అసలు మాట చెప్పాడు. "పిన్నిగారూ, డల్లాస్‌లో మనవాళ్లెవరన్నా ఉన్నారా?"

అమ్మ దిండు కింద నుంచి పాత డైరీ తీసింది. గదుల కుర్రాళ్లు ఎవరెవరు ఎక్కడున్నారో అందులో ఉంటుంది, చనిపోయినవాళ్ల పేర్ల మీద గీతతో సహా. ఒక నంబరు చూపించి నాచేత ఫోన్ కలిపించింది. అక్కడ అర్ధరాత్రి అని నేనంటున్నా వినలేదు.

"ఒరే, నేనురా, భీమవరం పిన్నిని. నిద్ర తరవాత పోదువుగాని. మన కాళ్ల వాడు లేడూ, మూడో గది, వాడి కూతురు వస్తోంది మీ ఊరికి. విమానం దగ్గరికి నువ్వే వెళ్లాలి, ఎవర్నో పంపకు. వారంరోజులు మీ ఇంట్లో అన్నం పెట్టి, ఆ గది నీ కళ్లతో చూసి, అప్పుడు దింపు. గడియ సరిగా పడుతోందో లేదో చూడు. ఆఁ, ఆఁ. అదంతా సరేగాని ముందు ఒకటి చెప్పు. సబ్బులు మానేశావా, లేదా? ఆడపిల్లని పంపుతున్నాం."